గోల్కొండ గ్లేజు పలకలు

గోల్కొండ కోటకు ఉత్తరాన, రాయదుర్గం ఐటీ భవనాలకు కొద్ది కిలోమీటర్ల దూరంలో కుతుబ్ షాహీ సమాధులున్నాయి. ఇప్పుడు చూసేవారికి రాయీ సున్నమూ తప్ప రంగు పెద్దగా కనిపించదు. కట్టిన కాలంలో మాత్రం వీటిలో కొన్నింటికి నీలం, ఆకుపచ్చ, తెలుపు గ్లేజు పలకల తొడుగు ఉండేది. 1580లో మరణించిన ఇబ్రహీం కులీ సమాధి దక్షిణపు గోడమీద ఆ పలకల ఆనవాళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి.

ఈ విద్య ఇరాన్ నుంచి బీదర్ మీదుగా గోల్కొండ చేరింది. బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో బీదర్‌లో కట్టించిన మదరసా ముఖభాగమంతా గ్లేజు పలకలతో నిండి ఉండేది. మిగిలిన మీనారు మీద మెలికల గీతల వరసలను నేటికీ చూడవచ్చు. గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతంవాడు. 1518 ప్రాంతంలో గోల్కొండ రాజ్యాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ కూడా ఇరాన్ నుంచి వచ్చి బహమనీల కొలువులో పైకెదిగినవాడే. కాబట్టి కొత్త రాజ్యంతో పాటు బీదర్ అభిరుచి కూడా గోల్కొండకు వచ్చింది.

గ్లేజు అంటే మట్టి పలకమీద కరిగించి పట్టించిన గాజు. పలుగురాతి పొడి ఒక్కటే కరగాలంటే 1700 డిగ్రీల వేడి కావాలి. సోడా బూడిదో సీసమో కలిపితే 1000 డిగ్రీల లోపే కరుగుతుంది. రంగు లోహాల నుంచి వస్తుంది: కోబాల్టుతో ముదురు నీలం, మాంగనీసుతో ఊదా, తగరంతో పాలలాంటి తెలుపు. రాగి మాత్రం కలిసినదాన్ని బట్టి మారిపోతుంది. సోడా పూతలో ఆకాశనీలం, సీసపు పూతలో ఆకుపచ్చ. ఒక్కో రంగుకు ఒక్కో పాకం, ఒక్కో వేడి. అందుకే పనివాళ్లు ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, ఆ తర్వాత నమూనా ప్రకారం ముక్కలుగా కోసి, అంచులు అరగదీసి, వెనకనుంచి గచ్చు పోసి అతికేవారు. గోడకు వచ్చే ఆ ప్రత్యేకమైన మెరుపు ఈ పద్ధతి వల్లనే. ఏ రెండు ముక్కలూ ఒకే మట్టానికి కూర్చోవు. ఒక్కొక్కటి ఒక్కో వాలులో వెలుగును పట్టుకుంటుంది. చల్లారేటప్పుడు మట్టికన్నా గాజు ఎక్కువ ముడుచుకుంటే పూతమీద వెంట్రుకంత సన్నని బీటలు పడతాయి. దగ్గరనుంచి చూస్తే ఆ బీటల వలే పలకకు నునుపుతనాన్ని మించిన నిండుదనం ఇస్తుంది.

ఈ కళ హైదరాబాద్ నగరంలో అత్యున్నతంగా నిలిచిన చోటు పత్తర్‌గట్టీలోని బాద్షాహీ అశుర్‌ఖానా, అంటే మొహర్రంలో పీర్లను నిలిపే మందిరం. మహమ్మద్ కులీ కుతుబ్ షా దీన్ని 1590లలో కట్టించాడు. పలకల పని 1611 నాటికి పూర్తయింది. లోపలి గోడలమీద పీర్ల ఆకారాలు నిలువెత్తున ఉన్నాయి, వాటి కడుపులో అరబిక్ అక్షరాలు అల్లుకుని ఉంటాయి. పక్కనే షట్కోణాలు ఒకదానిలో ఒకటి ఇమిడిన పలకల వరసలు. ఇరాన్ గోడలమీద నీలం రాజ్యమేలితే, ఇక్కడ ఆవపిండి పసుపూ గోధుమవన్నే నీలంతో సమానంగా నిలబడ్డాయి. దక్కను పనితనపు సొంత ముద్ర ఈ పసుపులోనే ఉంది.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక అశుర్‌ఖానా గుర్రపుశాలగా మారిందని చెబుతారు. ఆసఫ్ జాహీ పాలకుడు నిజాం అలీఖాన్ కాలంలో మళ్లీ పీర్లు నిలిచాయి, ముందు కొయ్య స్తంభాల మండపం వెలిసింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద లోపలికొచ్చి గోడల కింది భాగంలోని పలకలను పాడుచేసింది. పోయిన చోట గచ్చు చేసి, పలకల బొమ్మను రంగులతో గీశారు. పాత పలకకూ ఆ రంగు బొమ్మకూ తేడా ఎవరైనా ఇట్టే పోల్చగలరు: గ్లేజులో రంగు గాజు లోపల ఉంటుంది, దీనిలో పైపైన ఆగిపోయింది. నమూనా దక్కింది గానీ పనితనం దక్కలేదు.

పైకప్పు కింద ఉండబట్టి అశుర్‌ఖానా పలకలు ఈమాత్రం నిలిచాయి. సమాధుల మీదివి వానకు నిలవలేదు. బీటలగుండా తేమ, దానితో ఉప్పు లోపలికి దిగితే పూత పొలుసులుగా లేచిపోతుంది. సమాధుల మరమ్మతును ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013లో చేపట్టింది. అదే ట్రస్టు ఢిల్లీలో హుమాయూన్ సమాధి పనికోసం ఉజ్బెకిస్తాన్ పనివాళ్లను రప్పించి, నిజాముద్దీన్ బస్తీ యువకులకు పలకల విద్య నేర్పించింది. వారు కాల్చిన పలకలే ఆ సమాధి ఛత్రీలమీదికి ఎక్కాయి. పోయిన విద్య తిరిగి రాగలదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. అశుర్‌ఖానా గోడమీద రంగు గీసిన చోట కూడా ఇకమీదట బట్టీలో కాల్చిన పలకలే పెట్టాలి. వాటిని కాల్చే చేతులు పాతబస్తీలోనే తయారు కావాలి.