లండన్‌లో మన భోజనశాలలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగారు. మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. చూడబోయినప్పుడు ఏదో ఒక సాయంత్రం "నాన్నా, ఇవాళ బయట మన భోజనం" అని ఇండియన్ రెస్టారెంటుకు తీసుకెళ్తారు. మనం ధరలను రూపాయల్లోకి గుణించుకుని బెంబేలెత్తుతాం. అసలు ఆ హోటళ్లు అక్కడికెలా వచ్చాయో, లండన్ మటుకు చెబుతాను.

మొదటివాడు దీన్ మొహమ్మద్. పాట్నాలో 1759లో పుట్టి, కంపెనీ సైన్యంలో పనిచేసి, 1784లో ఐర్లండు చేరాడు. ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేసిన తొలి భారతీయుడు ఆయనే (1794). లండన్ పోర్ట్‌మన్ స్క్వేర్ దగ్గర 1810లో 'హిందూస్తానీ కాఫీ హౌస్' పెట్టాడు. పేరుకే కాఫీ, పెట్టింది మన వంటకాలు, వెదురు కుర్చీలు, హుక్కా. ఇండియాలో ఉద్యోగం చేసి తిరిగెళ్లిన దొరలు వస్తారని ఆశ. వాళ్లలో చాలామందికి ఇంట్లోనే వంటవాళ్లుండేవారు. 1812లో దివాలా తీశాడు. తరువాత బ్రైటన్‌లో ఆవిరి స్నానాలు, మర్దనల శాల పెట్టి, ఇద్దరు రాజుల మన్నన పొందాడు. కాఫీ హౌస్ ఉన్న వీధిలో 2005లో ఫలకం పెట్టారు.

రీజెంట్ స్ట్రీట్‌లోని 'వీరాస్వామి' పేరు వినగానే ఎవరో మన నెల్లూరు పెద్దమనిషి అనుకునేరు! 1926లో దాన్ని పెట్టింది ఎడ్వర్డ్ పామర్. జనరల్ విలియం పామర్, ఫైజ్ బక్ష్ బేగం దంపతుల వంశీకుడు. వారి కొడుకు విలియం పామరే హైదరాబాదులో వడ్డీ వ్యాపార సంస్థ పెట్టి నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చాడు. ఆ అప్పుల గొడవ రెసిడెన్సీని, కలకత్తాను కూడా కుదిపింది. ఎడ్వర్డ్ పామర్ హోటలుకు ముందే మసాలా పొడులు, పచ్చళ్లు అమ్మేవాడు. వాటికి పెట్టిన గుర్తు 'నిజాం'. 1924లో వెంబ్లీ సామ్రాజ్య ప్రదర్శనలో భోజనశాల నడిపిన అనుభవంతో ఇది తెరిచాడు.

ఇవి దొరల హోటళ్లు. వీధివీధికీ కూర రుచి చూపింది సిల్హెట్ నావికులు. ఓడల బాయిలర్ల దగ్గర బొగ్గు వేసిన కార్మికులు రేవుల్లో దిగి, వంటిళ్లలో అంట్లు తోమి, రెండో ప్రపంచ యుద్ధం తరువాత చిన్న చిన్న కాఫీ దుకాణాలు కొన్నారు. బోర్డు మీద 'ఇండియన్' అని ఉన్నా యజమాని చాలాచోట్ల బంగ్లాదేశ్ వాడే. 2001లో బ్రిటన్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను తమ జాతీయ వంటకమన్నాడు. ఆ కీర్తిలో వాళ్ల చెమట ఎంతో ఉంది. పేర్లు మటుకు ఏ ఫలకం మీదా కనబడవు.

నాకు నచ్చింది వేరొకటి. 1951లో పుట్టిన ఇండియా క్లబ్. కృష్ణమీనన్ హైకమిషనర్‌గా ఉన్న కాలం. చాలా ఏళ్లుగా స్ట్రాండ్ వీధిలో, ఇండియా హౌస్‌కు దగ్గరలో ఉండేది. 2016లో మా అమ్మాయి తీసుకెళ్లింది. ఇరుకు మెట్లెక్కితే పాతకాలపు బల్లలు, గోడల మీద మన నాయకుల పటాలు, పళ్లెంలో దోసె, చట్నీ. మన ఆఫీసు క్యాంటీనే అనిపించింది, మేడ మీద పెట్టారంతే.

భవన యజమానులు అక్కడ కొత్త హోటలు కట్టాలనుకున్నారు. 2018లో నగర పాలక సంస్థ అనుమతి నిరాకరించింది. అయినా 2023 సెప్టెంబరు 17న క్లబ్ మూతపడింది. ఆఖరి రోజుల్లో జనం మెట్ల కిందిదాకా వరుస కట్టారట. లీజు ఫైళ్లతో ముప్పై ఏళ్లు గడిపిన నాకిది కొత్త కాదు. ఏ ఫారంలోనూ చరిత్రకు గడి ఉండదు. 2025లో వీరాస్వామికీ అదే గతి పట్టేలా ఉందని, లీజు తగాదా కోర్టుకెక్కిందని పేపర్లు రాశాయి. వేలమంది సంతకాలు చేసి రాజుగారికి అర్జీ పంపుకున్నారు.