సుందరలాల్ నివేదికలో మన మెదకు జిల్లా

మా ముత్తంగిని ఆనుకొని పోయే బొంబాయి రహదారిని ఇక్కడి వృద్ధులు షోలాపూరు బాట అనేవారు. 1948 సెప్టెంబరు 13న షోలాపూరు వైపు నుండి నిజాము రాజ్యంలో ప్రవేశించిన భారతసేన ప్రధాన దళం జహీరాబాదు మీదుగా ఈ బాటనే హైదరాబాదు చేరింది. 17న నిజాము లొంగుబాటు ప్రకటించగా, మరునాడు మేజర్ జనరల్ చౌధురి నగరంలో ప్రవేశించి సైనిక గవర్నరు అయ్యాడు. ఈ సైనిక చర్యకు ప్రభుత్వం పెట్టిన పేరు 'పోలీసు చర్య'. మా పల్లెలలో అది ఒక శకం వంటిది. వయసెంత అని అడిగితే, "పోలీసు యాక్షన్ నాటికి మేకలు కాస్తున్న" అని చెప్పిన ముసలివారిని నేనెరుగుదును.

నేను తెలుగు పండితుడను. సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన దినాలలో ఆ తరగతులు నా నెత్తిన పడేవి. అట్లా ఒకనాడు ఈ పాఠం చెబుతుండగా పదవ తరగతి పిల్లవాడొకడు లేచి, "అటెన్క ఎంతమంది సచ్చిపోయిన్రు సార్?" అని అడిగాడు. వాని నాయనమ్మ చిన్నతనంలో బీదరు వైపు నుండి ప్రాణాలరచేత పట్టుకొని వచ్చిన మనిషి అని నాకు తరువాత తెలిసింది. "అది పరీక్షకు రాదు, కూర్చో" అన్నాను. నాకు తెలియదు అన్నది నిజమైన జవాబు. ఆ మాట అనలేకపోయాను.

ఆ ప్రశ్నకు జవాబు 1948 డిసెంబరులోనే ఢిల్లీకి చేరి ఉన్నది. సైనిక చర్య ముగిసిన పిమ్మట రాష్ట్రంలోని పలు జిల్లాలలో ముస్లిములపై హత్యలు, లూటీలు సాగినవన్న వార్తలు రాగా, భారత ప్రభుత్వం ముగ్గురిని పంపింది. పండిత సుందరలాల్ వారిలో పెద్ద. ఆంగ్లేయుల పాలనపై హిందీలో ఆయన వ్రాసిన 'భారత్ మే అంగ్రేజీ రాజ్' గ్రంథాన్ని 1929లో నాటి ప్రభుత్వం నిషేధించింది. రెండవవారు కాజీ అబ్దుల్ గఫార్, హైదరాబాదులో 'పయాం' ఉర్దూ పత్రిక నడిపిన సంపాదకుడు. మూడవవారు మౌలానా అబ్దుల్లా మిస్రీ. నవంబరు 29న హైదరాబాదులో దిగి, డిసెంబరు 21న తిరిగి వెళ్ళారు. రాష్ట్రంలోని 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగారు. 21 పట్టణాలు, 23 గ్రామాలు చూశారు. తాము పోలేకపోయిన 109 గ్రామాల వారిని 500 మందికి పైగా పిలిపించి మాట్లాడారు. మూడు వారాలలో ముగ్గురు మనుషులు చేసిన పని ఇది!

ఇందులో ఒక చిత్రమున్నది. వారికి అప్పగించినది విచారణ కాదు. ఇరుమతాల నడుమ సయోధ్య కుదర్చమని పంపిన సౌహార్ద బృందం మాత్రమే. తమది విచారణ సంఘం కాదని వారే నివేదికలో వ్రాసుకొన్నారు. అయినా చూసినది చెప్పకుండుట ధర్మం కాదని తలచి లెక్క కట్టారు. పని పరిధిని మీరిన ఆ తప్పిదం వల్లనే మనకొక అంకె మిగిలింది.

ఆ అంకెలు ఇవి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు నాలుగింట మృతులు తక్కువలో తక్కువ 18 వేలు. ఔరంగాబాదు, బీడు, నల్లగొండ, మెదకు జిల్లాలలో కనీసం 5 వేలు. మొత్తం రాష్ట్రంలో, సైనిక చర్య కాలంలోను ఆ తరువాతను కలిపి, 27 వేల నుండి 40 వేల వరకు. మెదకు అన్న పేరు కనబడగానే నా చూపు అక్కడ ఆగిపోయింది. నేను పుట్టి, చదివి, ముప్పది ఏండ్లకు పైగా పాఠాలు చెప్పిన జిల్లా అది. 27కు 40కి నడుమ అంతరం 13 వేలు. లెక్కల మాష్టారైతే దానిని ఉజ్జాయింపు అంటాడు.

నివేదిక ఒకవైపే చూసినదని అనలేము. అంతకు ముందు ఖాసిం రజ్వీ రజాకార్లు హిందువులపై సాగించిన ఘోరాలే ఈ ప్రతీకారానికి మూలమని అది స్పష్టంగా చెప్పింది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగినది మరచిన తెలంగాణ వాడెవడు? సైనిక గవర్నరు చౌధురి మతవివక్ష ఎరుగని అధికారి అని నివేదిక మెచ్చుకొన్నది. కాని కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు లూటీలలోను, అంతకు మించిన నేరాలలోను పాల్గొన్నారనీ వ్రాసింది. నేను రెండుమార్లు చదివిన భాగం వేరే ఉన్నది. ఒకే వృత్తివారి నడుమ స్నేహం నిలిచిందట. ముస్లిము సాలెవారిని కాపాడబోయి హిందూ సాలెవారు ప్రాణాలు పోగొట్టుకొన్న సందర్భాలున్నవట.

హోం మంత్రి పటేల్ ఈ నివేదికను అంగీకరించలేదు. ప్రభుత్వం దానిని అచ్చువేయలేదు. హైదరాబాదు వ్యవహారంపై అదే ప్రభుత్వం 1948లోనే శ్వేతపత్రం అచ్చువేసి లోకానికి పంచింది! ఆంగ్లేయులు నిషేధించిన గ్రంథకర్త వ్రాత స్వతంత్ర భారతంలో కూడా బీరువాలోనే ఉండిపోయింది. ఏ.జి. నూరానీ 2001లో ఫ్రంట్‌లైన్ పత్రికలో కొంత వెలువరించి, 2013లో తన హైదరాబాదు గ్రంథానికి అనుబంధంగా చేర్చాడు. ఆ ఏటికి ఢిల్లీ నెహ్రూ గ్రంథాలయంలోనూ చదువరులకు అందింది. అరువది అయిదేండ్లు!

అమెరికాలో 1967లో డెట్రాయిట్ మొదలైన నగరాలలో జాతి కలహాలు చెలరేగినప్పుడు అధ్యక్షుడు జాన్సన్ కెర్నర్ కమిషన్‌ను వేశాడు. మరుసటి ఏడు వచ్చిన నివేదిక తెల్లవారి సమాజాన్నే తప్పుపట్టింది. అది జాన్సన్‌కు రుచించలేదు. అయినా అచ్చయి పుస్తకాల అంగళ్ళలో లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. మన దేశంలో విచారణ సంఘాల చట్టం 1952లో వచ్చింది. నివేదికను ఆరు నెలల లోపల, తీసుకొన్న చర్యల వివరంతో సహా, చట్టసభ ముందుంచాలన్న నియమం 1971లో చేర్చారు. సుందరలాల్ బృందం ఆ చట్టానికి ముందుది. పైగా విచారణ అన్న పేరే దానికి లేదు.

మొన్న వేసవిలో నివేదిక నకలు తీయించుకొన్నాను. నాడు ప్రశ్న అడిగిన పిల్లవాడు పాశమైలారంలో ఒక కర్మాగారంలో పని చేస్తున్నాడు, తల నెరసింది. ముత్తంగి కూడలిలో కనబడితే మెదకు పేరున్న పుట తీసి చేతికిచ్చి, "నీ ప్రశ్నకు జవాబు, ఆలస్యమైంది" అన్నాను. నిలబడి చదివాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొని, "షిఫ్టు టైమైంది సార్" అని బస్సెక్కాడు.