వీధి ముందు ఎన్ని అడుగులు? – షా ఊరి కథ

అనుమతి లేని లేఅవుట్లో ప్లాటు కొన్నవాళ్లకి 'బెటర్‌మెంట్ చార్జీలు' అన్న మాట బాగా తెలుసు. అమెరికాలో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది, పేరు స్పెషల్ అసెస్‌మెంట్. వీధికి రోడ్డు వేస్తే, మురుగు పైపు వేస్తే, ఆ ఖర్చుని ఆ వీధిలోని ఆస్తులకే పంచుతారు. చాలా చోట్ల లెక్క సులువు: నీ స్థలం వీధి వైపు ఎన్ని అడుగులుంటే అంత వాటా. ఒకేసారి కట్టొచ్చు, వడ్డీతో ఏళ్ల తరబడి వాయిదాల్లోనూ కట్టొచ్చు. అనేక రాష్ట్రాల్లో కౌంటీ ట్రెజరర్ దీన్ని ఆస్తి పన్ను బిల్లులోనే కలిపి వసూలు చేస్తాడు. కట్టకపోతే బాకీ స్థలం మీద కూర్చుంటుంది. చివరికి స్థలమే వేలానికి పోతుంది.

కలిగిన లాభాన్ని బాగా మించి వసూలు చేస్తే అది ఆస్తిని లాక్కోవడమేనని 1898లో నార్‌వుడ్ వర్సెస్ బేకర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాగుంది. కానీ ఆ రక్షణ ఆస్తి ఉన్నవాడికి. చాలా చోట్ల రోడ్డు కావాలని అర్జీ పెట్టాల్సింది కూడా స్థలం యజమానులే. అద్దెకుండేవాడు ఆ బురదలో ఇరవై ఏళ్లు నడిచినా అతని సంతకం లెక్కలోకి రాదు. చట్టంలో ఎక్కడా రంగు ప్రస్తావన ఉండదు, అంటరాని వాడ మాత్రం తయారైపోతుంది. మనకి ఈ విద్య కొత్తేం కాదు కదా!

పన్ను ఏదైనా, రోడ్డు ఎటు పోతుందో తేల్చేది ఊరి పెద్దలే. మిసిసిపీ రాష్ట్రం బోలివర్ కౌంటీలో షా అనే చిన్న ఊరు. నల్లజాతివాళ్లు 1,500, తెల్లవాళ్లు 1,000. రోడ్డు లేని వీధుల మీదున్న ఇళ్లలో దాదాపు 98 శాతం నల్లవాళ్లవి. మురుగు పైపు అందని ఇళ్లలో 97 శాతం నల్లవాడల్లోనివి. కొత్తగా కొన్న పెద్ద మెర్క్యురీ దీపాలు ఒక్కటి కూడా మినహా లేకుండా తెల్లవాడల్లోనే వెలిగాయి.

ఆండ్రూ హాకిన్స్, తోటివాళ్లు కోర్టుకెళ్లారు. రాకపోకలు ఎక్కువున్న వీధులకే ముందు వేశామంది పట్టణం. కింది కోర్టు ఆ మాట నమ్మింది. 1971లో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు నమ్మలేదు. వివక్ష ఉద్దేశం రుజువు కానక్కర్లేదు, ఫలితమే మాట్లాడుతోందంది. 1972లో అదే కోర్టు జడ్జీలంతా కూర్చుని దాన్ని ఖాయం చేశారు.

నా దృష్టిలో ఇది పెద్ద గెలుపు, కానీ ఆయుష్షు తక్కువ. 1976లో వాషింగ్టన్ వర్సెస్ డేవిస్ కేసులో సుప్రీంకోర్టు, ఫలితం ఒక్కటే చాలదు, ఉద్దేశం చూపించాలంది. బురదని ఫొటో తీయొచ్చు. ఉద్దేశాన్ని ఏ కెమెరాతో తీస్తాం?

మన దగ్గర 2013 సబ్‌ప్లాన్ చట్టం వేరే దారి పట్టింది: ఎవరి ఉద్దేశమూ అడక్కుండా జనాభా నిష్పత్తిలో డబ్బు పక్కన పెట్టమంది. ఆ డబ్బు ఏమైందో వచ్చే భాగంలో చూద్దాం. ఈలోగా మీ కాలనీ సీసీ రోడ్డు ఏ పద్దు కింద వేశారో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబులు కామెంట్లో రాయండి.