విప్పిన వరుసకు వెనక నుంచి

స్పోర్ట్స్ కారు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది డబ్బు. రెండే సీట్లు, మెరిసే ఎర్ర రంగు, అర్ధరాత్రి జూబ్లీహిల్స్ రోడ్ల మీద ఒక గర్జన, ఆ గర్జన వెనక ఎవరిదో తండ్రి ఆస్తి. అలాంటి కారు చరిత్రలో ఒక పెద్ద అధ్యాయాన్ని చేతిలో చిల్లిగవ్వ లేని కుర్రాళ్ళు, ఇంటి వెనక షెడ్డుల్లో, ఒళ్ళంతా గ్రీజు పూసుకుని రాశారంటే చప్పున నమ్మబుద్ధి కాదు. నేను చెప్పబోయేది ఆ అధ్యాయం గురించే. ఇది ఇంగ్లండు కథ. ఇందులో ఇంజన్లున్నాయి, పన్నులున్నాయి, ఒక పుస్తకం కూడా ఉంది. నిజం చెప్పాలంటే నన్ను ఈ కథలోకి లాగింది ఆ పుస్తకమే. నేను కార్ల మనిషిని కాను, పుస్తకాల మనిషిని.

1922లో హెర్బర్ట్ ఆస్టిన్ అనే కంపెనీ యజమాని ఒక చిన్న కారు తెచ్చాడు. పేరు ఆస్టిన్ సెవెన్. దాని డిజైన్‌లో ఆయనకు సాయపడిన స్టాన్లీ ఎడ్జ్ అప్పటికి పద్ధెనిమిదేళ్ళ డ్రాఫ్ట్స్‌మన్. ఇంజన్ సామర్థ్యం 747 సీసీ, అంటే మన రోడ్ల మీద తిరిగే పెద్ద మోటార్‌సైకిళ్ళ పాటి. 1939 దాకా సుమారు 2,90,000 కార్లు తయారయ్యాయి. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. యుద్ధం అయ్యాక బ్రిటన్ అప్పుల్లో కూరుకుపోయింది. కొత్తగా తయారైన కార్లలో ఎక్కువ భాగం డాలర్ల కోసం విదేశాలకు పోయేవి. ఊళ్ళో వాళ్ళకు మిగిలినవి పాత కార్లే. అందులోనూ చవకగా దొరికేది ఆస్టిన్ సెవెన్. పైన బాడీ పాడైపోయి ఉండేది కానీ, కింద ఇంగ్లీషు 'ఏ' అక్షరం ఆకారంలో ఉండే చాసీ, దాని మీది ఇంజన్ ఇంకా పనికొచ్చేవి.

కుర్రాళ్ళు చేసిన పని చాలా సులువైన ఆలోచన. పై బాడీ పీకి పారేసి, దాని స్థానంలో అల్యూమినియం రేకుతో తేలికైన రెండు సీట్ల బాడీ కొట్టుకున్నారు. ఇంజన్‌కు కాస్త మెరుగులు దిద్దారు. అలా చేసుకున్న కారును 'స్పెషల్' అనేవాళ్ళు. యుద్ధానికి ముందే, 1939లో, 750 మోటార్ క్లబ్ అని ఒకటి పుట్టింది. ఈ చవక స్పెషళ్ళకు రేసులు పెట్టింది ఆ క్లబ్బే. 1948లో కాలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ను ఇలాగే మార్చాడు. లోటస్ కార్లన్నిటికీ అదే ఆది. ప్రపంచానికి అవతలి కొసన, న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో, బ్రూస్ మెక్‌లారెన్ అనే పిల్లవాడు తండ్రితో కలిసి బాగుచేసుకుని మొదటి రేసు నడిపిందీ ఆస్టిన్ సెవెనే. ఆదివారం సాయంత్రాలు మనం టీవీలో చూసే ఫార్ములా వన్ చరిత్రలోని పేర్లలో కొన్నిటికి వేరు ఈ తుక్కు కారులో ఉందన్నమాట.

ఇక పన్నుల సంగతి. అప్పట్లో బ్రిటన్‌లో కొత్త కారు మీద కొనుగోలు పన్ను బాగా ఉండేది. కానీ కారును విడిభాగాలుగా కొని సొంతంగా బిగించుకుంటే ఆ పన్ను లేదు. చాప్‌మన్ ఈ సందు కనిపెట్టాడు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను కిట్టు రూపంలో కూడా అమ్మాడు. కొన్నవాడే బిగించుకోవాలి, ఎలా బిగించాలో కంపెనీ రాసివ్వకూడదు, అదీ నిబంధన. దీని మీద లోటస్ అభిమానులు చెప్పుకునే కథ ఒకటుంది. బిగించే సూచనలు ఇవ్వకూడదు కదా, విప్పే సూచనలు ఇవ్వకూడదని ఎవరూ అనలేదు. అంచేత కంపెనీ కారును ఎలా విప్పాలో వివరంగా రాసిచ్చిందట. కొన్నవాడు ఆ కాగితాన్ని చివరి నుంచి మొదటికి చదువుకుంటూ కారు తయారు చేసుకునేవాడట. కథలో ఎంత పాలు నిజమో ఎలా ఉన్నా, ఆ ఆలోచన మాత్రం గుర్తుపెట్టుకోండి. 1973లో కొనుగోలు పన్ను పోయి వ్యాట్ వచ్చాక ఆ సందు మూసుకుపోయింది. అదే ఏడాది లోటస్ సెవెన్ హక్కులు కేటరమ్ అనే సంస్థ చేతికి వెళ్ళాయి. ఆ కారును వాళ్ళు ఇప్పటికీ కిట్టుగా అమ్ముతున్నారు. పన్ను మిగలకపోయినా బిగించుకోవడంలో సుఖం మిగిలింది.

ఇప్పుడు పుస్తకం దగ్గరికి వద్దాం. జాన్ హేన్స్ 1938లో సిలోన్‌లో పుట్టాడు. తండ్రి తేయాకు తోటల మేనేజరు. ఇంగ్లండులో హాస్టల్లో ఉండి చదువుకుంటూ రగ్బీ ఆట ఎగ్గొట్టి ఆస్టిన్ సెవెన్‌తో స్పెషల్ చేసుకున్నాడు. దాన్ని అమ్మకానికి పెడితే అంతమంది ఎగబడతారని అతను ఊహించలేదు. కారు ఒక్కటే, కావాలన్నవాళ్ళు చాలామంది. అయితే కారు బదులు, అది ఎలా చెయ్యాలో రాసి అమ్మితే? 1956లో ఒక చిన్న పుస్తకం వేశాడు. 250 ప్రతులు పది రోజుల్లో అయిపోయాయి.

ఆ తర్వాత వైమానిక దళంలో చేరి ఏడెన్‌లో ఉండగా, తోటి ఉద్యోగి ఒకతను ఆస్టిన్-హీలీ స్ప్రైట్ బాగుచేసుకోవడానికి సాయం అడిగాడు. ఈ స్ప్రైట్ 1958లో వచ్చిన బుల్లి స్పోర్ట్స్ కారు. హెడ్‌లైట్లు రెండూ బానెట్ మీద ఉబ్బిన కళ్ళలా ఉంటాయి, అందుకే జనం కప్పకళ్ళ కారు అన్నారు. బయట తలుపులకు పిడి లేదు. వెనక డిక్కీకి మూత లేదు, సామాను సీట్ల వెనక నుంచి లోపలికి తొయ్యాల్సిందే. ఇంజన్ 948 సీసీ, 43 హార్స్‌పవర్. అదీ ఆస్టిన్ వాళ్ళ మామూలు కుటుంబ కారులోంచి తెచ్చిందే. హేన్స్ కంపెనీ వాళ్ళ అధికారిక మాన్యువల్ తెరిచి చూశాడు. అది శిక్షణ పొందిన మెకానిక్కుల కోసం, ప్రత్యేక పరికరాలు దగ్గరున్నవాళ్ళ కోసం రాసింది. మామూలు మనిషికి అందులో దారి లేదు. అప్పుడు ఒక కెమెరా పెట్టుకుని, ఒక్కొక్క భాగం విప్పుతూ ఫోటో తీస్తూ, మళ్ళీ బిగిస్తూ ఫోటో తీస్తూ పోయాడు. 1966లో మొదటి హేన్స్ మాన్యువల్ వచ్చింది, స్ప్రైట్ మీదే. 3,000 ప్రతులు మూడు నెలలు తిరక్కుండానే అమ్ముడుపోయాయి. 2019 ఫిబ్రవరిలో ఆయన చనిపోయేనాటికి ఆ సంస్థ అమ్మిన మాన్యువళ్ళు ఇరవై కోట్లు దాటాయి.

నేను ఈ మాన్యువళ్ళను సాహిత్యంలాగా చదువుతానంటే మిత్రులు నవ్వుతారు. నవ్వనివ్వండి. మన వంటల పుస్తకాల్లో 'ఉప్పు తగినంత' అని ఉంటుంది చూడండి, అది వంట వచ్చినవాళ్ళ కోసం రాసిన వాక్యం. తగినంత అంటే ఎంతో తెలిసినవాడికి పుస్తకం అక్కర్లేదు. హేన్స్ 'తగినంత' అనడు. ఏ సైజు పానా, ఎంత బలంతో బిగింపు, ఏది ముందు ఏది వెనక, అన్నీ చెప్తాడు. తర్వాతి మాన్యువళ్ళలో ప్రతి పని పక్కనా పానా బొమ్మలుంటాయి. ఒక పానా ఉంటే ఎవరైనా చెయ్యొచ్చు, ఐదుంటే ఆరితేరినవాళ్ళకే. చదివేవాణ్ణి మోసం చెయ్యకుండా పని ఎంత కష్టమో ముందే చెప్పే రచయితలు ఎంతమంది? పైగా ఫోటోల్లో కనిపించే చేతులకు మసి ఉంటుంది. రాసినవాడు తాను చేసే రాశాడని ఆ మసి సాక్ష్యం.

కొత్త భాగం వేశాక ఏం చెయ్యాలి? విప్పిన వరుసకు వెనక నుంచి బిగించుకుంటూ రావాలి. హేన్స్ పాఠకులు తరతరాలుగా జోకులేసుకున్న సూచన ఇది. పాత లోటస్ కథకు అద్దంలో బొమ్మ. విప్పేటప్పుడు తుప్పుపట్టి విరిగిన బోల్టు బిగించేటప్పుడు అతుక్కోదు. చివర్లో చేతిలో రెండు నట్లు మిగిలిపోతాయి, అవి ఎక్కడివో దేవుడికే తెలియాలి. పుస్తకానికీ పనికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే నేర్చుకోవడం జరిగేది.

మరమ్మతు దగ్గర ఆగినవాళ్ళు తక్కువ. స్ప్రైట్ తర్వాతి మోడళ్ళకు ముందు చక్రాల డిస్క్ బ్రేకులొచ్చాయి, 1966లో 1275 సీసీ ఇంజన్ వచ్చింది. చుట్టరికం ఒకటే కాబట్టి తమ్ముడి భాగాలు అన్నకు సరిపోయేవి. కప్పకళ్ళ కారు యజమానులు వాటిని తెచ్చి వేసుకున్నారు. అక్కణ్ణుంచి వాదన మొదలు: ఇది అసలు కారేనా? ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచాలనేవాళ్ళు ఒకవైపు, ఆగాల్సిన చోట ఆగని కారు అసలైనదైతే ఎంత, కాకపోతే ఎంత అనేవాళ్ళు ఇంకోవైపు. ఈలోగా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అయినా భాగాలకు గిరాకీ తగ్గలేదు. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులు వెతికి ఎంజీబీ కారు బాడీని కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టింది. కారు చచ్చిపోయిన ఎనిమిదేళ్ళకు దానికి కొత్త ఒళ్ళు వచ్చింది, యజమానులు వదిలిపెట్టలేదు కాబట్టి.

దీన్ని మరీ గొప్ప చెయ్యకూడదు. ఆ కార్లను అంతగా బాగుచేసుకోవాల్సి రావడానికి కారణం అవి అంతగా పాడవడమే. నూనె కారేవి, తుప్పు తినేసేది. పైగా ఇంగ్లండులో మెకానిక్కు కూలి ఎక్కువ. ఆఫీసులో గుమాస్తా ఆదివారం పానా పట్టుకున్నాడంటే అందులో సరదా సగం, పర్సు సగం. ఇది మనవైపు చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మన దగ్గర మెకానిక్కు కూలి తక్కువ. అందుకని బండి ఉన్నవాడు పానా పట్టలేదు, పానా పట్టినవాడు పుస్తకం రాయలేదు. ఆ విద్య పదేళ్ళ వయసులో షెడ్డులో చేరిన కుర్రాడికి, ఉస్తాద్ తిట్ల మధ్య, చేతి నుంచి చేతికి వెళ్ళింది.

మన చట్టం దారి కూడా వేరు. బ్రిటన్ 1998లో సొంతంగా కట్టుకున్న కార్లకు విడి పరీక్ష పెట్టింది: చేసుకో, తెచ్చి చూపించు, క్షేమంగా ఉంటే రోడ్డెక్కించు. 1996లో హేన్స్ సంస్థే వేసిన రాన్ ఛాంపియన్ పుస్తకం, 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోమని చెప్పేది, చదివి కట్టుకున్నవాళ్ళకు ఈ దారి ఉంది. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చడానికి ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మన రోడ్ల మీద జరిగే ప్రమాదాలు చూస్తే ఆ భయం అర్థం లేనిదనలేను. కానీ ఆ నియమం కింద చాప్‌మన్ మొదటి కారు రిజిస్టర్ అయ్యేది కాదన్నదీ నిజమే. 2022లో కేంద్రం మరమ్మతు హక్కు పేరుతో పెట్టిన పోర్టల్లో వాహనాలూ ఉన్నాయి. మాన్యువల్ యజమానికి కూడా అందాలన్న మాట మన దగ్గర ఇప్పుడిప్పుడే వినిపిస్తోంది. అక్కడేమో 2020లో హేన్స్ సంస్థ కొత్త మోడళ్ళకు కాగితం మాన్యువళ్ళు ఇక వెయ్యనంది.

ఈ చరిత్ర చదివాక నాకు మిగిలిన దిగులు కార్ల గురించి కాదు. 'ఇంజన్ బోరుకొచ్చింది', 'మిస్సింగ్ కొడుతోంది', 'టాపెట్ చప్పుడు', 'హాఫ్ ఇంజన్ చేయించాలి'. ఈ మాటలన్నీ తెలుగువాళ్ళు రోజూ వాడేవే. వీటి వెనక చెవితో జబ్బు కనిపెట్టే విద్య ఒకటుంది. మన ఊరి షెడ్డుల్లో ఆ చెవులున్న ఉస్తాద్‌లు ముసలివాళ్ళయిపోతున్నారు. వాళ్ళ పక్కన కెమెరా పట్టుకుని కూర్చుని, ఒక్కొక్క నట్టూ విప్పుతుంటే అడిగి రాసుకునేవాడు కావాలి. పుస్తకం 250 ప్రతులు వేసినా చాలు.