ఎన్నికలకు ముందు ఊళ్లో పార్టీ: నాగర్‌కర్నూల్ లోక్‌సభ నియోజకవర్గం, 1971–2024

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• లోక్‌సభ ఎన్నికలకు ముందు గ్రామస్థాయిలో పార్టీలు ఏ పనులు చేస్తాయో వివరించగలరు.
• 1971లో తెలంగాణ ప్రజాసమితి సాధించిన విజయానికీ, ఆ తరవాత అది కనుమరుగు కావడానికీ కారణాలను విశ్లేషించగలరు.
• ఉద్యమానికీ పార్టీ నిర్మాణానికీ ఉన్న తేడాను మీ ప్రాంతపు ఉదాహరణలతో చెప్పగలరు.

9.1 పరిచయం

రాజకీయ పార్టీల చరిత్ర అనగానే మీకు నాయకుల పేర్లు, బహిరంగ సభలు, ప్రభుత్వాలు గుర్తుకు వస్తాయి. కాని ఓటు పడేది బహిరంగ సభలో కాదు, ఊరి బడిలో పెట్టిన పోలింగు కేంద్రంలో. ఆ గదిదాకా ఓటరును నడిపించేది ఎవరు? ఓటరు జాబితాలో పేరు ఉందో లేదో చూసేది ఎవరు? ఎన్నిక అయిపోయాక గెలిచిన వ్యక్తిని నిలదీయగలిగేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం పార్టీ స్థానిక నిర్మాణంలో ఉంటుంది.

ఈ భాగంలో నాగర్‌కర్నూల్ లోక్‌సభ నియోజకవర్గాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం. 2008 నాటి పునర్విభజన ప్రకారం వనపర్తి, గద్వాల, అలంపూర్, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్ అనే 7 శాసనసభ స్థానాలు దీనిలో ఉన్నాయి. వడ్డేపల్లి మండలం జోగులాంబ గద్వాల జిల్లాలో, అలంపూర్ శాసనసభ నియోజకవర్గంలో ఉంది. లోక్‌సభ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది.

9.2 నేపథ్యం: సరిహద్దులు మారిన సీమ

గద్వాల, అలంపూర్ తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలో రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి. ఇది కేవలం పరిపాలనా మార్పు కాదు. జిల్లా కేంద్రం మారితే పార్టీ కార్యకర్త ఎవరి దగ్గరికి వెళ్లాలో, అభ్యర్థి టికెట్టు కోసం ఎవరి మాట చెల్లుతుందో కూడా మారుతుంది.

1959 అక్టోబరు 11న ఇదే జిల్లాలోని షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించారు. దీనితో సర్పంచి, పంచాయతీ సమితి అధ్యక్షుడు రాజకీయాల్లో కీలక వ్యక్తులయ్యారు. రోడ్డు, బావి, బడి, అప్పు మంజూరు వంటివి వారి చేతుల మీదుగా సాగేవి. గ్రామంలో పటేలు, పట్వారీల పలుకుబడి కూడా అప్పటికి చెక్కుచెదరలేదు. పాలకపక్షమైన కాంగ్రెస్‌కు వేరుగా గ్రామ కార్యాలయం అవసరం లేకపోయింది. ఈ పెద్దల అల్లికే దాని యంత్రాంగం.

9.3 1971 ఎన్నిక: యంత్రాంగం మీద ఉద్యమం

1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు అమలు కాలేదన్న అసంతృప్తి 1969 జనవరిలో ఉద్యమంగా మారింది. విద్యార్థులు, ఉద్యోగులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు దాన్ని నడిపించారు. అదే ఏడాది తెలంగాణ ప్రజాసమితి ఏర్పడింది. తరవాత మర్రి చెన్నారెడ్డి దాని నాయకత్వాన్ని చేపట్టారు.

1970 డిసెంబరులో లోక్‌సభ రద్దయింది. 1971 మార్చిలో ఎన్నికలు జరిగాయి. అంతకుముందు లోక్‌సభకూ శాసనసభకూ సాధారణంగా ఒకేసారి ఎన్నికలు జరిగేవి. 1971లో రాష్ట్రంలో లోక్‌సభకు మాత్రమే జరిగాయి. ఈ తేడా ఎందుకు ముఖ్యమో గమనించండి. రెండు ఎన్నికలూ కలిసి వస్తే ఊరూరా తిరిగే భారం శాసనసభ అభ్యర్థులది. లోక్‌సభ అభ్యర్థి వారి భుజాల మీద నడుస్తాడు. విడిగా వస్తే ఆ ఆసరా తగ్గుతుంది. కొత్త పార్టీకి ఇది కలిసివచ్చింది. ప్రతి శాసనసభ స్థానానికీ ఒక అభ్యర్థిని వెతికే పని సమితికి తప్పింది. తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల మీద, ఒకే నినాదం మీద బలమంతా పెట్టగలిగింది.

దేశమంతటా ఇందిరాగాంధీ ‘గరీబీ హటావో’ నినాదం గెలిచింది. ఆంధ్రప్రదేశ్‌లోని 41 స్థానాల్లో కాంగ్రెస్‌కు 28 వచ్చాయి. అయినా తెలంగాణలో ప్రజాసమితి 10 స్థానాలు గెలుచుకుంది. నాగర్‌కర్నూల్‌లో ఆ పార్టీ అభ్యర్థి ఎం. భీష్మదేవ్ గెలిచారు. పక్కనే మహబూబ్‌నగర్‌లో జె. రామేశ్వరరావు గెలిచారు. ఆయన వనపర్తి సంస్థానాధీశుల కుటుంబానికి చెందినవారు. అంతకుముందు లోక్‌సభలో కాంగ్రెస్ సభ్యుడు.

ఈ చివరి వివరం దగ్గర ఆగండి. సమితికి రెండు రకాల బలం ఉంది. ఒకటి, ఉద్యమంలోంచి వచ్చిన యువకులు, ఉద్యోగులు. రెండు, కాంగ్రెస్‌లోంచి వచ్చిన నాయకులు, వారి వెంట వచ్చిన పాత సంబంధాలు. మొదటిది ఉత్సాహాన్ని ఇచ్చింది, రెండోది అనుభవాన్ని ఇచ్చింది. కాని నిర్ణయాలు రెండోవర్గం చేతిలోకి పోయాయి.

9.4 గెలుపు తరవాత

1971 సెప్టెంబరులో ప్రజాసమితి కాంగ్రెస్‌లో విలీనమైంది. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి రాజీనామా చేశారు. సెప్టెంబరు 30న పి.వి. నరసింహారావు ఆ పదవి చేపట్టారు. ప్రత్యేక రాష్ట్రం మాత్రం రాలేదు. విలీనాన్ని వ్యతిరేకించినవారు సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి పేరుతో 1972 శాసనసభ ఎన్నికల్లో పోటీ చేస్తే దక్కింది ఒకే ఒక్క స్థానం.

ఓటేసిన ప్రజల అభిప్రాయం ఆరు నెలల్లో మారిపోయిందని దీని అర్థం కాదు. ఆ అభిప్రాయాన్ని నిలబెట్టే గ్రామశాఖ, తాలూకా సమితి, సభ్యత్వ పుస్తకం, వాటికి నాయకుడు జవాబు చెప్పే ఏర్పాటు బలపడకముందే పార్టీ పైనుంచి కరిగిపోయింది. ఆనాటికి ఫిరాయింపుల నిరోధక చట్టం కూడా లేదు. అది 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. చట్టం సభ్యత్వాన్ని రద్దు చేయగలదు గాని, ఊళ్లో పార్టీని కట్టలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
శాసనసభ ఎన్నికలు లేకుండా లోక్‌సభ ఎన్నికలు మాత్రమే జరగడం 1971లో ప్రజాసమితికి ఎలా ఉపకరించింది? 5 వాక్యాల్లో రాయండి.

9.5 రెండో ప్రయత్నం: నీళ్ల నుంచి నిర్మాణం

2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి ఏర్పడింది. 1971 అనుభవం దాని ముందుంది. అలంపూర్, గద్వాల ప్రాంతంలో పార్టీ ఎత్తుకున్న సమస్య రాజోలిబండ మళ్లింపు పథకం, అంటే ఆర్డీఎస్. తుంగభద్ర మీది ఈ ఆనకట్ట కింద మహబూబ్‌నగర్ జిల్లాలో 87,500 ఎకరాలకు నీరందాలి. బచావత్ ట్రిబ్యునల్ దీనికి 17.1 టీఎంసీలు కేటాయించగా, అందులో 15.9 టీఎంసీలు తెలంగాణ ఆయకట్టువి. కాలువ చివరి పొలాలకు మాత్రం నీరు చేరేది కాదు. 2003లో కె. చంద్రశేఖరరావు అలంపూర్ నుంచి గద్వాల వరకు పాదయాత్ర చేశారు.

రాష్ట్రం అనే దూరపు మాట కాలువ అనే దగ్గరి మాటగా మారడం ఇక్కడ గమనించదగింది. స్థానిక నిర్మాణం తరచు ఇలాగే మొదలవుతుంది. అయితే ఫలితం వెంటనే రాలేదు. 2004లో నాగర్‌కర్నూల్‌ను తెలుగుదేశం అభ్యర్థి మందా జగన్నాథం గెలుచుకున్నారు. 2009లో ఆయనే కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2014లో తెరాస తరఫున పోటీచేసి కాంగ్రెస్ అభ్యర్థి నంది ఎల్లయ్య చేతిలో ఓడిపోయారు. తెరాసకు ఈ స్థానం 2019లో దక్కింది. పోతుగంటి రాములు దాదాపు 1,90,000 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

9.6 2024: నాయకుడు కదిలితే ఊరు కదులుతుందా?

2023 శాసనసభ ఎన్నికల్లో ఈ 7 స్థానాల్లో కాంగ్రెస్ 5, భారాస (పూర్వపు తెరాస) 2 గెలిచాయి. ఆ రెండూ గద్వాల, అలంపూర్. 2024 మే 13న లోక్‌సభ పోలింగుకు ముందు రాములు బీజేపీలో చేరారు. ఆయన కుమారుడు భరత్ ప్రసాద్ ఆ పార్టీ అభ్యర్థి అయ్యారు. భారాస తరఫున, బీఎస్పీ రాష్ట్ర అధ్యక్ష పదవి వదిలి వచ్చిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ నిలబడ్డారు. కాంగ్రెస్ అభ్యర్థి మల్లు రవి 94,000కు పైగా ఆధిక్యంతో గెలిచారు. బీజేపీకి రెండో స్థానం, భారాసకు మూడో స్థానం దక్కాయి.

ఇలాంటి పోటీలో ఊరి స్థాయిలో జరిగే పని ప్రధానంగా నాలుగు రకాలు.
1. జాబితా పని: కొత్త ఓటర్లకు ఫారం 6, తొలగింపులకు ఫారం 7, సవరణలకు ఫారం 8 పెట్టించడం.
2. బూతు పని: బూతు కమిటీ, పోలింగు రోజు ఏజెంటు, ఇల్లిల్లూ తిరిగే కార్యకర్తలు.
3. వలస పని: కూలికి దూరప్రాంతాలకు పోయినవారిని ఓటు రోజుకు రప్పించడం. పాలమూరు వలసలకు పేరుపడిన ప్రాంతం కాబట్టి ఇది చిన్న విషయం కాదు.
4. రాజీ పని: టికెట్టు రానివారిని, పార్టీ మారి వచ్చినవారిని, పాతవారిని ఒకచోట కూర్చోబెట్టడం.

రిజర్వుడు స్థానంలో ఇంకొక ప్రశ్న ఉంది. 1932 పూనా ఒప్పందం నుంచి వచ్చిన ఉమ్మడి నియోజకవర్గ పద్ధతిలో అభ్యర్థి దళితుడు, ఓటర్లు అందరూ. మండల, గ్రామ కమిటీల పగ్గాలు భూమి, డబ్బు ఉన్న కులాల చేతిలోనే ఉంటే, గెలిచిన దళిత ప్రతినిధి ఎవరికి జవాబుదారీ? డాక్టర్ అంబేడ్కర్ ఉమ్మడి నియోజకవర్గాల మీద వ్యక్తం చేసిన సందేహం ఇదే. కాబట్టి పార్టీ కమిటీలో ఎవరున్నారన్నది అభ్యర్థి ఎవరన్నంత ముఖ్యం.

9.7 సారాంశం

1971లో ఉద్యమం యంత్రాంగాన్ని ఓడించింది. యంత్రాంగం లేక తన గెలుపును నిలుపుకోలేకపోయింది. 2001 తరవాత వచ్చిన పార్టీ స్థానిక సమస్యను పట్టుకుని నిర్మాణానికి దిగింది. అయినా ఈ స్థానం చేజిక్కడానికి 18 ఏళ్లు పట్టింది. అయిదేళ్లకే చేజారింది. అంటే నిర్మాణం ఒకసారి కట్టి వదిలేసేది కాదు. ఎన్నికలప్పుడు మాత్రమే తెరుచుకునే కమిటీ ఓట్లు తేగలదు గాని, నాయకుడు పార్టీ మారేటప్పుడు అతన్ని ఆపి అడగలేదు.

9.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి విజయాన్నీ, విలీనాన్నీ పార్టీ నిర్మాణ దృష్టితో చర్చించండి.

II. 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఆర్డీఎస్ సమస్య స్థానిక రాజకీయాలను ఎలా ప్రభావితం చేసింది?
2. రిజర్వుడు నియోజకవర్గంలో జవాబుదారీతనం ఎందుకు చర్చనీయాంశమైంది?

III. అభ్యాసకృత్యం
మీ ఊళ్లో 60 ఏళ్లు దాటిన ఇద్దరిని, 25 ఏళ్లలోపు ఇద్దరిని అడగండి: ఎన్నికలు లేని రోజుల్లో ఏ పార్టీ కార్యకర్త అయినా మీ ఇంటికి వచ్చారా, ఎందుకు వచ్చారు? వచ్చిన సమాధానాలను 9.6లోని నాలుగు పనులతో పోల్చి ఒక పేజీ రాయండి.