సెయింట్ ఆండ్రూస్ ఇసుకబయలు

స్కాట్లాండు దేశమున ఫైఫు సీమలో చూడదగిన గోల్ఫు మైదానము లనేకములు కలవు. నన్నడిగినచో, ముందుగా సెయింట్ ఆండ్రూస్ సముద్రతీరమునందలి ప్రాత మైదానమునకే పొమ్మందును. 1552లో ఆర్చిబిషప్పు హామిల్టన్ ఆ యిసుకబయలున కుందేళ్లను పెంచుకొనుటకు పట్టణమువారు సమ్మతించిరి. అందు ఆడుకొను హక్కు ప్రజలదేయని ఆయన వ్రాసియిచ్చెను. మంచి బేరమే! కాని పురపాలకులు అప్పులపాలై 1797లో ఆ నేలను అమ్ముకొనిరి. కొన్న వర్తకులు మరల కుందేళ్లనే పెంచిరి. అవి బొరియలు త్రవ్వుట, ఊరివారు వానిని చంపుట, పిమ్మట వ్యాజ్యములు! తుదకు 1821లో జేమ్సు చీప్ అను భూస్వామి, తానును ఆటగాడే యగుటచే, దానిని కొని ఆటను నిలిపెను. 1894లో పట్టణమే ఆ నేలను తిరిగి కొనెను. నేటికిని అది ప్రజల సొత్తు. ఆదివారము సామాన్యముగా ఆట యుండదు. బంతి కొట్ట నేరనివారును ఆనాడు ఆ పచ్చికపై నిర్భయముగా షికారు చేయవచ్చును.