నీలి మంటకు కాపలా: బ్రిటన్‌లో గ్యాస్ బాయిలర్ మరమ్మతు చరిత్ర

బ్రిటన్‌లో చాలా ఇళ్ళకు వెచ్చదనం అందించేది వంటగది గోడకు తగిలించిన ఒక పెట్టె. వీధి కింది గొట్టాల్లో వచ్చే గ్యాసు అందులో మండి నీళ్ళను కాస్తుంది. ఆ వేడినీళ్ళు గదిగదిలోని రేడియేటర్లలో తిరిగి మళ్ళీ పెట్టెకే చేరతాయి. ఈ బాయిలర్‌ను ఏడాదికోసారి విప్పి సర్వీసు చేయడం, ఆగిపోతే కారణం పట్టుకోవడం గ్యాస్ ఫిట్టర్ పని. గ్యాసు మారినప్పుడల్లా, పరికరం మారినప్పుడల్లా ప్రమాదం తన చోటు మార్చుకుంది. ఫిట్టర్ ముందుగా చూడాల్సిన చోటు కూడా దానితోపాటే మారుతూ వచ్చింది.

1812లో లండన్‌లో గ్యాస్ లైట్ అండ్ కోక్ కంపెనీ ఏర్పడింది. బొగ్గును గాలి తగలకుండా బాగా వేడిచేస్తే వచ్చే గ్యాసును అది వీధి దీపాలకు సరఫరా చేసింది. కొన్ని దశాబ్దాల పాటు గ్యాసు ఎక్కువగా వెలుతురుకే ఉపయోగపడింది. 1868లో బెంజమిన్ వాడీ మాగన్ అనే లండన్ పెయింటర్ గీజర్ తయారుచేశాడు. పైనుంచి జారే నీటికి కింద మండే గ్యాసు వేడిగాలి తగిలి నీళ్ళు అప్పటికప్పుడే కాగేవి. అయితే దానికి పొగగొట్టం లేదు, మండగా మిగిలిన వాయువులన్నీ స్నానాలగదిలోనే ఉండిపోయేవి. జర్మనీలో యోహాన్ వైలాంట్ 1894లో పేటెంట్ తీసుకున్న హీటర్‌లో నీటి దారి వేరు, పొగ దారి వేరు. నేటి బాయిలర్లన్నీ ఆ విభజన మీదే ఆధారపడ్డాయి.

బొగ్గు గ్యాసులో దాదాపు సగం హైడ్రోజన్. కార్బన్ మోనాక్సైడ్ కూడా గణనీయంగా ఉండేది. మండకపోయినా ఆ గ్యాసే విషం. మూసిన గదిలో లీకయితే నిప్పు అంటుకోకపోయినా ప్రాణం పోయేది. అందుకే ఆనాటి ఫిట్టర్‌కు లీకు వెతకడమే అసలు విద్య. ముక్కుతో వాసన పట్టడం, అతుకుల మీద సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తాయేమో చూడడం అతని మొదటి పరీక్షలు. సబ్బునీళ్ళ పరీక్ష నేటికీ చెల్లుతోంది.

1965లో ఉత్తర సముద్రంలోని వెస్ట్ సోల్ దగ్గర సహజవాయువు దొరికింది. 1967లో అది ఈజింగ్టన్ తీరానికి చేరింది. దీని వేడి బొగ్గు గ్యాసుకు సుమారు రెట్టింపు. కాబట్టి మండడానికి గాలి కూడా ఎక్కువ కావాలి: ఒక వంతు మీథేన్‌కు పది వంతుల గాలి. పాత జెట్‌తోనే మండిస్తే మంట పసుపురంగుకు తిరిగి మసి పడుతుంది. పైగా హైడ్రోజన్ మంటకున్న వేగం మీథేన్ మంటకు లేదు. సరైన బర్నర్ లేకపోతే మంట రంధ్రాలను వదిలి పైకి లేచి ఆరిపోతుంది. అంటే దేశంలోని ప్రతి పొయ్యి, ప్రతి హీటర్, ప్రతి బాయిలర్ మార్చక తప్పదు.

1967 నుంచి 1977 వరకు ఆ పని సాగింది. సుమారు 1.3 కోట్ల వినియోగదారులు, 3 కోట్లకు పైగా పరికరాలు. ముందు ఒకరు వచ్చి ఇంట్లో ఏమేమి ఉన్నాయో రాసుకుపోయేవారు. తర్వాత ఆ పేట మొత్తానికి సరఫరా ఆపేసి, గొట్టాల్లో మిగిలిన పాత గ్యాసును వీధిలోనే కాల్చేసేవారు. ఆపైన ఇంటింటికీ వెళ్ళి జెట్లు, బర్నర్లు మార్చేవారు. శాంతికాలంలో ఇంత పెద్ద ఇంజినీరింగ్ పని ప్రతి గడపా తొక్కి చేయడం అరుదైన సంగతి. దీనికి చరిత్ర పుస్తకాల్లో దక్కినదానికంటే పెద్ద చోటే దక్కాలి. ఊహించని చిక్కులూ వచ్చాయి. పాత ఇనుప గొట్టాల అతుకుల్లో కుక్కిన జనపనార తడిగా ఉండే బొగ్గు గ్యాసుతో బిగుసుకుని ఉండేది. పొడి సహజవాయువుకు అది ఎండిపోయి అతుకులు కారాయి.

సహజవాయువులో కార్బన్ మోనాక్సైడ్ లేదు. గాలి చాలక సరిగా మండనప్పుడే ఆ విషం పుడుతుంది. లీకుకు పేలుడు భయం ఎప్పటిలాగే ఉంది కానీ, విషం భయం మాత్రం గొట్టం నుంచి మంటకూ పొగగొట్టానికీ మారింది. సర్వీసింగ్ అంటే పైపై తుడుపు కాదని ఇక్కడే తేలుతుంది. హీట్ ఎక్స్‌చేంజర్ రెక్కల మధ్య మసి చేరితే పొగ పైకి పోదు. పొగ పోకపోతే తాజా గాలి రాదు. గాలి రాకపోతే మసి ఇంకా పెరుగుతుంది. ఆ వలయాన్ని తెంచేది ఏడాదికోసారి పట్టే బ్రష్షే.

ఆ తరం బాయిలర్లలో పైలట్ మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. దాని పక్కన థర్మోకపుల్ అనే చిన్న లోహపు పుల్ల. దాని మొన వేడెక్కితే పుట్టే 20–30 మిల్లీవోల్టుల విద్యుత్తు ఒక అయస్కాంతాన్ని పనిచేయించి గ్యాస్ వాల్వును తెరిచి ఉంచేది. మంట ఆరితే వాల్వు తనంతట తానే మూసుకునేది. బటన్ వదలగానే పైలట్ ఆరిపోతుంటే ముందు అనుమానం థర్మోకపుల్ మీదికే పోయేది. అయితే నేరం చాలాసార్లు దానిది కాదు: పైలట్ జెట్‌లో దుమ్ము చేరి మంట సన్నగిల్లినా, తీగ అతుకు వదులైనా లక్షణం అదే. కొత్త పుల్ల వేసి వెళ్ళిపోయేవాడికీ, ముందు మంట ఎలా ఉందో వంగి చూసేవాడికీ పనితనంలో ఉన్న తేడా అక్కడే బయటపడేది.

లీకు తెచ్చే పేలుడు భయం ఉత్తదేమీ కాదు. 1968 మే 16న తూర్పు లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో ఒక మూల కూలి నలుగురు చనిపోయారు. 18వ అంతస్తులో గ్యాసు పేలింది. పొయ్యి గొట్టానికి బిగించిన ఇత్తడి నట్టు నాసిరకంది కావడమే లీకుకు కారణమని విచారణలో తేలింది. ఆ ప్రమాదం తర్వాత, 1970లో ఫిట్టర్ల నమోదు కోసం కోర్గీ అనే సంస్థ ఏర్పడింది. మొదట నమోదు ఐచ్ఛికం, 1991లో తప్పనిసరి అయింది. 2009 ఏప్రిల్ 1న గ్రేట్ బ్రిటన్‌లో ఆ బాధ్యత గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌కు మారింది. పరికరం మీద చేయి వేసినవారు పొగగొట్టం, గాలి రాక, గ్యాస్ పీడనం లేదా మండే వేడి పరిమాణం, సురక్షితంగా పనిచేయడం పరీక్షించాకే వెళ్ళాలని 1998 నిబంధనలు చెబుతాయి.

తర్వాత పైలట్ మంట పోయింది, నిప్పురవ్వతో వెలిగే బర్నర్ వచ్చింది. మంట గుండా అతి స్వల్పమైన విద్యుత్తు ప్రవహిస్తుంది, దాన్ని బట్టే సర్క్యూట్ బోర్డు మంట ఉందో లేదో తెలుసుకుంటుంది. లోపం వస్తే తెర మీద కోడ్ కనిపిస్తుంది. అయితే ఆ కోడ్ బాయిలర్ ఏ మెట్టు దగ్గర ఆగిందో చెబుతుందే గాని, ఎందుకు ఆగిందో చెప్పదు. మంట వెలగలేదన్న ఒకే కోడ్‌కు గ్యాస్ పీడనం తగ్గడం, ఎలక్ట్రోడ్ పాడవడం, బాయిలర్ నుంచి నీళ్ళు బయటికి పోయే గొట్టం పూడిపోవడం అన్నీ కారణాలు కావచ్చు. మీటరు, ప్రెషర్ గేజ్, పొగను కొలిచే ఎనలైజర్ చేతిలో ఉన్నవారికే అసలు కారణం దొరుకుతుంది.

ఆ నీళ్ళ గొట్టం కండెన్సింగ్ బాయిలర్లతో వచ్చింది. పొగలోని ఆవిరిని చల్లార్చి దాని వేడిని కూడా వాడుకునే ఈ రకాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి దాదాపు తప్పనిసరి చేశారు. ఆవిరి చల్లారి వచ్చే ఆమ్లపు నీరు ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం గుండా బయటికి పోతుంది. 2010 డిసెంబరు చలికి గోడ బయటి ఆ గొట్టాలు గడ్డకట్టి ఎన్నో బాయిలర్లు ఆగిపోయాయి. లోపల విడిభాగాలన్నీ బాగానే ఉన్నాయి. గొట్టం మీద గోరువెచ్చని నీళ్ళు పోస్తే చాలు, బాయిలర్ మళ్ళీ వెలిగేది. ఆ గొట్టాన్ని వీలైనంతవరకు ఇంటి లోపలినుంచే తీసుకుపోవాలనీ, బయటి భాగాన్ని వెడల్పుగా పెట్టి పైన తొడుగు వేయాలనీ తర్వాత మార్గదర్శకాలు వచ్చాయి. గడ్డకట్టే చలిలో బాయిలర్ గుడగుడమని ఆగిపోతే ఫిట్టర్ పెట్టె మూత విప్పకముందే ఇంటి వెలుపలికి వెళ్ళి ఆ గొట్టాన్ని చూస్తాడు.